ఆడుకోవడం

పన్నెండు రాశుల పేర్లతో ఒక జాజ్ పియానో రికార్డు ఉందని నాకు తెలిసేనాటికి, నా రాశి చెప్పి చెప్పి నేను బాగా విసిగిపోయి ఉన్నాను. ఇరవై నాలుగో ఏట మొదలుపెట్టి పీహెచ్‌డీ పూర్తయ్యేదాకా నా జాతకం నాకంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది. కర్కాటక రాశి, పుష్యమి నక్షత్రం. సున్నిత మనసు, కన్నీళ్లు ఎక్కువ, సంసారానికి అనుకూలం అని ఒక సిద్ధాంతిగారు రాసిచ్చిన కాగితం అమ్మ బీరువాలో చీరల కింద ఇంకా ఉంది. నా గురించి నేను రాసిన ఏ వాక్యానికీ మా ఇంట్లో అంత భద్రత దొరకలేదు.

"ఇందులో నీ రాశి కూడా ఉందే, విను" అంటూ హాస్టల్లో పక్కగది స్నేహితురాలు నా పెన్‌డ్రైవ్‌లోకి ఆ రికార్డు ఎక్కించి ఇచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆమె నల్లజాతి స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేస్తుండేది. నాది తెలుగు స్త్రీల పాటల మీద. ఒకరి చాప్టర్లు ఒకరం చదివి పోట్లాడుకోవడం మాకు అలవాటు. రికార్డు పేరు 'జోడియాక్ సూట్'. మేషం నుంచి మీనం దాకా పన్నెండు చిన్న రచనలు, ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు. కూర్చింది, పియానో వాయించింది మేరీ లూ విలియమ్స్. 1945లో న్యూయార్క్‌లో, మోజెస్ ఆష్ నడిపిన చిన్న రికార్డు కంపెనీ కోసం వాయించింది. బేస్ మీద ఆల్ లూకస్, డ్రమ్స్ మీద జాక్ పార్కర్. కొన్నింట్లో ముగ్గురూ ఉంటారు, కొన్నింట్లో ఇద్దరు, కొన్నింట్లో ఆమె ఒక్కతే.

మన రాశికీ వాళ్ల రాశికీ లెక్క వేరు. మనం చంద్రుణ్ణి చూస్తాం, వాళ్లు సూర్యుణ్ణి చూస్తారు. మే నెలలో పుట్టాను కాబట్టి వాళ్ల లెక్కలో నాది వృషభం. మేరీ లూది కూడా మే నెలే, అదే రాశి. కన్నీళ్ల పీత కాస్తా ఒక్క పూటలో మొండి ఎద్దు అయిపోవడం నాకెంత సంతోషం కలిగించిందో చెప్పలేను. జాతకాల మీద నాకు నమ్మకం లేదు. కానీ నమ్మకం లేనివాటితో ఆడుకోవచ్చని ఆ రికార్డు వింటూ నేర్చుకున్నాను. ఈ వ్యాసం ఆ ఆట గురించే.

మేరీ లూ ఈ పని మొదలుపెట్టిన తీరే సరదాగా ఉంటుంది. జ్యోతిషం పుస్తకం ఒకటి చదివి, తన స్నేహితుల్లో ఎవరు ఏ రాశిలో పుట్టారో లెక్క చూసుకుంది. ఒక్కో రాశినీ ఆ స్నేహితులకు అంకితమిచ్చింది. మేషం గాయని బిల్లీ హాలిడేకి, శాక్సఫోన్ విద్వాంసుడు బెన్ వెబ్‌స్టర్‌కి. వృషభం డ్యూక్ ఎలింగ్టన్‌కి. తుల ఆర్ట్ టేటమ్, డిజీ గిలెస్పీ, బడ్ పవెల్, థెలోనియస్ మంక్‌లకి. వృశ్చికం పంచుకున్నవాళ్లలో ఇమోజీన్ కోకా అనే హాస్యనటి ఉంది, ఎథెల్ వాటర్స్ అనే గాయని ఉంది. అదే రికార్డులో పక్కన నిలబడి బేస్ వాయిస్తున్న ఆల్ లూకస్ కూడా ఉన్నాడు! మనిషిని ఎదురుగా పెట్టుకుని అతని బొమ్మ గీస్తూ, ఆ గీతలు అతని చేతే గీయించినట్టు.

అప్పట్లో ఆమెకు ఒక రేడియో కార్యక్రమం ఉండేది. వారానికో రాశి అక్కడ వినిపించింది. మొదటి మూడింటినీ ముందే సిద్ధం చేసుకున్నానని, మిగతావి గడువు తరుముతుంటే పియానో ముందు కూర్చుని వేళ్ల కింద పుట్టించుకున్నవేనని ఆమే తర్వాత చెప్పుకుంది. వారం తిరిగేసరికి వంట సిద్ధం చేయాల్సిన ఆడవాళ్లందరికీ ఈ పద్ధతి తెలుసు.

జాజ్ గురించి శాస్త్రం నాకు తెలియదు. వినగా వినగా చెవికి అందినదే చెబుతున్నాను. మేషం నిలకడగా ఉండదు. ఒక నడక మొదలవుతుంది, మనం తల ఊపడం మొదలుపెట్టేలోగా అది ఆగిపోయి ఇంకో నడక అందుకుంటుంది. కోపం, అంతలో మురిపెం. మిథునంలో కుడిచెయ్యి ఒక దారిన పోతుంటే కింది స్వరాలు ఇంకో దారిన లాగుతాయి. ఇద్దరు కవలలు ఒకే గౌనుకోసం పెనుగులాడుతున్నట్టు ఉంటుంది. సింహంలో డ్రమ్స్ కవాతుకి సిద్ధమవుతాయి. రాజుగారు వస్తున్నారని మనం లేచి నిలబడితే, ఆ గాంభీర్యం వెనక ఆమె ముసిముసిగా నవ్వుతున్నట్టు తోస్తుంది. వృశ్చికంలో బేస్ ఒకే మాటను పట్టుకుని మళ్లీ మళ్లీ అంటుంటుంది, పియానో దాని చుట్టూ తిరుగుతూ ఉంటుంది. తుల మాత్రం ఎవరితోనూ ఆడదు. కిటికీ దగ్గర కూర్చున్న మనిషిలా నిదానంగా ఉంటుంది. చివర్లో మీనం మూడు అడుగుల వాల్ట్జ్ నడకలో సాగిపోతుంది.

ఇందులో ఒక్కటి కూడా పగలబడి నవ్వించదు. నేను చెప్పే ఆట వేరు. విన్నవాళ్లు ఒకటి ఎదురుచూస్తుంటే ఇంకొకటి ఇవ్వడం. గంభీరమైన స్వరాల పక్కన సందులో పిల్లలు పాడుకునే రకం స్వరం పెట్టడం. తోటివాళ్లు అందుకుంటారో లేదో చూద్దామని ఒక బంతి వేసి వదిలెయ్యడం. స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ 1995లో ఈ రికార్డుని సీడీగా తెచ్చినప్పుడు, కొన్ని రాశులకు అదే రోజుల్లో ఇంకోసారి వాయించినవి కూడా చేర్చింది. రెండూ పక్కపక్కన వింటే అదే ఎముకల గూడు, వేరే నడక. ఏది సరైనది అనే ప్రశ్నే అక్కడ పుట్టదు.

ఆ రోజుల్లో నా పరిస్థితి దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది. నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం స్త్రీల పాటల్లో నవ్వు గురించి. 'లక్ష్మణదేవర నవ్వు' పాట మనలో చాలామంది అమ్మమ్మల దగ్గర విన్నదే. అరణ్యవాసం అయిపోయింది, రాముడు కొలువుతీరాడు. లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. ఎందుకు నవ్వాడో ఎవరికీ తెలియదు. ఆ నవ్వు తన గురించేనని సభలో ప్రతివాళ్లకీ గుబులు పుడుతుంది, ఎందుకంటే ప్రతివాళ్ల దగ్గరా దాచుకున్న ఒక సంగతి ఉంది. చివరికి రాముడికీ అదే అనుమానం. తీరా చూస్తే, పద్నాలుగేళ్ల తర్వాత రమ్మని చెప్పిన నిద్రాదేవి సరిగ్గా ఆ కొలువులోనే వచ్చి నిలబడిందట! ఒక్క నవ్వుతో కొలువుకూటమి మొత్తాన్ని ఆడవాళ్లు ఇలా నిలదీయడం ఎంత తెలివైన ఆట! ఈ పాటల్లోని లోచూపుని వెల్చేరు నారాయణరావు 1991లో వివరంగా రాశారు. ఆ దారిలోనే ఇంకో నాలుగడుగులు వెయ్యాలని నా ప్రయత్నం.

ముందస్తు సమావేశంలో ఒక పెద్ద ఆచార్యులు ఆ అధ్యాయాన్ని వేలితో తట్టి, "ఇందులో వేదన ఎక్కడుందమ్మా? స్త్రీవాదం అంటున్నావు కదా" అన్నారు. పక్కనున్నావిడ, ఆమె కూడా ఆచార్యులే, "హాస్యం అనేది పరిశోధనకి పనికొచ్చే అంశమే, కాకపోతే నీకు గంభీరమైన అంశాలు ఇన్ని ఉండగా..." అని సర్దిచెప్పారు. నవ్వు గురించిన నలభై పేజీలు అనుబంధంలోకి పోయాయి. పట్టా వచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. గంటల లెక్కన పాఠాలు చెబుతూ, అటూ ఇటూ బస్సుల్లో చెవిలో ఈ పియానో పెట్టుకుని తిరిగిన రెండేళ్లలో ఆచార్యులవారి ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయన ఒక్కరిదే అయితే వదిలేసేదాన్ని. అది మన పత్రికల్లో, మన సభల్లో కూడా వినిపించే ప్రశ్న కదా!

మన రచనకి వేదన ఒక గుర్తింపు కార్డు అయిపోయిందా అని నా అనుమానం. దుఃఖం చెప్పుకునే హక్కు కోసం మన ముందుతరం పోరాడింది. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు వాళ్ల మీద కురిసిన బూతుల గురించి చదివినవాళ్లెవరూ ఆ పోరాటాన్ని తక్కువ చెయ్యరు. కానీ ఆ కవితల్లోని వెటకారం, ఎకసెక్కం, మాటల విరుపు మనం క్లాసులో ఎంతవరకు చెబుతున్నాం? విమల 'వంటిల్లు' చెప్పేటప్పుడు మసి, పొగ, చాకిరీ చెబుతాం. అందులో చురుక్కుమనే నవ్వు దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టేస్తారు. మేరీ లూ విలియమ్స్ గురించి రాసినవాళ్లూ చాలామంది ఇదే చేశారు. మగవాళ్ల లోకంలో గుర్తింపు దక్కని స్త్రీ అని మొదలుపెడతారు. నిజమే. "మగవాడిలా వాయిస్తుంది" అనేది ఆమెకు దక్కిన పెద్ద మెచ్చుకోలు. ఆండీ కర్క్ బృందానికి ఏళ్ల తరబడి రాసిచ్చింది, బెన్నీ గుడ్‌మన్‌కి, ఎలింగ్టన్‌కి రాసిచ్చింది. పేరు ఎక్కువ వాళ్లకి వచ్చింది. ఇదంతా చెప్పాల్సిందే. అయితే ఆ అన్యాయం పూర్తిగా చెప్పుకున్నాక కూడా మిథున రాశిలో ఆ రెండు చేతుల చిలిపితనం మిగిలే ఉంటుంది. దాన్ని ఏ గదిలో పెడదాం?

ఇక్కడ తెలుగు భాష నాకొక దారి చూపించింది. మనకి 'ఆడటం' ఉంది, 'ఆడుకోవడం' ఉంది. పాడటం, పాడుకోవడం. ఒక చిన్న 'కొను' వచ్చి చేరగానే ఆ పని చేసేవాళ్ల ఒడిలోకి తిరిగి వస్తుంది. ఆడేవాళ్లకి ఎదురుగా చూసేవాళ్లు ఉంటారు, చూసేవాళ్లకి చెల్లించే స్తోమత ఉంటుంది. ఆడుకునేవాళ్లకి తోటివాళ్లు చాలు. ఆడేదాన్ని మన సాహిత్యం 'ఆటవెలది' అంది. ఆ పేరు ఒక పద్యానికీ ఉంది, ఒక వృత్తికీ ఉంది. పద్యాన్ని బడిలో పిల్లలందరిచేతా వల్లె వేయించారు, ఆ వృత్తిలో ఉన్న స్త్రీని ఊరి చివరికి నెట్టారు. ముద్దుపళని రాధికా సాంత్వనం రాసి తనకిష్టమైనట్టు సరసమాడుకుంటే వీరేశలింగం గారంతటివారికి కంపరం పుట్టింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చువేయిస్తే మరుసటి ఏడు ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే దాకా ఆ నిషేధం తొలగలేదు. దొరల కోసం ఆడితే కళ. తనకోసం ఆడుకుంటే అశ్లీలం. ఆ 1910లోనే, ఎక్కడో అట్లాంటాలో, మేరీ లూ పుట్టింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. జాతకాలు రాసేవాళ్లయితే ఏదో ఒకటి కలిపేవారు.

ఇదంతా ఉత్సాహంగా ఫోన్లో నా స్నేహితురాలికి చెబితే ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "ఆటలో విముక్తి ఉందని నీకు తేలిగ్గా అనిపిస్తుంది. మావాళ్లని డప్పు కొట్టమన్నదీ, చిందు వెయ్యమన్నదీ ఎవరే? నల్లవాళ్లు నవ్వుతూ ఉండాలని కోరుకున్నది ఎవరు? నీ మేరీ లూ చిన్నప్పుడు ఏం జరిగిందో చదివావా?"

చదివాను. పిట్స్‌బర్గ్‌లో ఆమె కుటుంబం కొత్తగా దిగిన వీధిలో తెల్లవాళ్లు ఇంటిమీదికి ఇటుకలు విసిరేవారు. ఆ పిల్ల వాళ్ల ఇళ్లకి వెళ్లి పియానో వాయించడం మొదలుపెట్టాకే ఆ ఇటుకలు ఆగాయి. ఆరేడేళ్ల వయసుకే విందుల్లో వాయించి ఇంటికి డబ్బు తెచ్చేది. ఊరు ముద్దుగా 'పియానో పిల్ల' అంది. నా స్నేహితురాలు చెప్పింది నాకు అర్థమైంది. ఇటుకలు ఆపడానికి వాయించిన వాయింపుని ఆట అనడానికి నోరు రాదు. నేను పని చేసిన లక్ష్మణదేవర నవ్వు కూడా ప్రధానంగా బ్రాహ్మణ, అగ్రకులాల ఆడవాళ్లు మధ్యాహ్నాల తీరికలో పాడుకున్న పాటే. వాళ్లకి ఆ తీరిక ఎవరి చాకిరీలోంచి వచ్చిందో పాట చెప్పదు.

అయితే ఆమె ప్రశ్న తర్వాత వృశ్చికం, మేషం మళ్లీ వింటే నాకు ఇంకోటి వినిపించింది. 1945కి ఆమెకు ముప్పై అయిదేళ్లు. నా ఈడే. ముప్పై ఏళ్లుగా ఇతరుల కోసం వాయించింది. ఇటుకలు ఆపడానికి, ఇల్లు గడవడానికి, డ్యాన్స్ హాళ్లలో జంటలు తిరగడానికి. ఆష్ ఆమెకు డబ్బు పెద్దగా ఇచ్చాడో లేదో గానీ, ఇష్టమొచ్చింది వాయించుకోమని స్టూడియో వదిలాడు. అక్కడ ఎదురుగా జంటలు లేరు, వీధి లేదు. పక్కన ఇద్దరు మగవాళ్లు ఉన్నారు, ఇద్దరూ ఆమె వేళ్ల వైపే చెవి పెట్టి ఉన్నారు. ఆమె ఆగితే ఆగారు, తిరిగితే తిరిగారు, తొందరపెట్టలేదు. ఆడవాళ్ల పాటకి మృదంగం వాయించమని భీష్మించుకున్న విద్వాంసులు ఉన్న దేశంలో పుట్టిన నాకు అది చిన్న విషయంగా అనిపించదు. ఆడుకోవాలంటే చోటు కావాలి, పూట కావాలి, ఎవరూ ఎగతాళి చెయ్యరన్న ధీమా కావాలి, అందుకునే తోటివాళ్లు కావాలి. ఇవన్నీ ఒకేసారి దొరకడం ఎంత అరుదో ఆడవాళ్లకి వేరే చెప్పాలా! నవ్వమంటే నవ్విన నవ్వు, నవ్వాలనిపించి నవ్వుకున్న నవ్వు ఒకటి కావు. ఆ తేడాయే ఈ రికార్డులో ఉంది.

ఆమె తల్లి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమెకి ఆర్గాన్ వచ్చు. కానీ చదువుకున్న పద్ధతి వల్ల కాగితం ఎదురుగా లేకపోతే ఏమీ వాయించలేకపోయేదట. పిల్ల తనలా కాకూడదని చిన్నప్పుడు సంగీతం మాస్టారిని పెట్టనివ్వలేదు. కూతురికి తల్లి ఇవ్వగలిగిన ఆస్తుల్లో ఇలాంటిది నేనెక్కడా వినలేదు. సాధారణంగా అమ్మలు మనకి పద్ధతి నేర్పుతారు, తప్పితే బెత్తం చూపిస్తారు.

మరి ఆట గౌరవంగా మారే క్షణం ఏమైంది? 1945 డిసెంబరు 31 రాత్రి న్యూయార్క్ టౌన్ హాల్లో ఈ పన్నెండు రాశుల్నీ వాద్య బృందంతో వినిపించింది. శాస్త్రీయ సంగీతం వాళ్లు, జాజ్ వాళ్లు ఒకే వేదిక మీద కూర్చున్నారు. సాధన చాలలేదు, ఆమె అనుకున్నట్టు సాగలేదు. తర్వాత చాలా దిగులుపడింది. మరుసటి ఏడు కార్నెగీ హాల్లో కొన్ని రాశులు పెద్ద ఆర్కెస్ట్రాతో వాయించింది. ఒక నల్లజాతి స్త్రీ రచన ఆ వేదిక ఎక్కడం చరిత్రే, దాన్ని తక్కువ చెయ్యను. పెద్ద వేదిక కావాలని ఆమె కోరుకోవడంలో నాకు నా పట్టా, నా అనుబంధం కనబడతాయి. కానీ మళ్లీ మళ్లీ వినాలనిపించేది స్టూడియోలో ఆ ముగ్గురి కబుర్లే.

ఆ తర్వాత ఆమె జీవితంలో చాలా జరిగింది. 1954లో ప్యారిస్‌లో వాయిస్తూ వాయిస్తూ లేచి వెళ్లిపోయింది. కొన్నేళ్లు సంగీతం మానేసి ప్రార్థనలో, దిక్కులేని సంగీతకారులకి అన్నం పెట్టడంలో గడిపింది. 1957లో న్యూపోర్ట్ ఉత్సవంలో తిరిగి వేదిక ఎక్కినప్పుడు డిజీ గిలెస్పీ బృందంతో వాయించింది ఈ రాశుల్లో కొన్నింటినే. 1977 నుంచి 1981లో చనిపోయేదాకా డ్యూక్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది. 2006లో జెరి అలెన్ అనే ఇంకో నల్లజాతి పియానో విద్వాంసురాలు ఈ రాశులన్నిటినీ కొత్తగా వాయించి రికార్డు చేసింది. ఆట ఒక చేతినుంచి ఇంకో చేతికి అందింది.

ఇప్పుడు నా సిద్ధాంత వ్యాసాన్ని పుస్తకంగా తిరగరాస్తున్నాను. నవ్వు అనుబంధంలోంచి లేచి వచ్చి మొదటి అధ్యాయంగా కూర్చుంది. ప్రచురణకర్తకి కొంచెం బెంగగానే ఉంది. ఆ అధ్యాయం పంపినప్పుడు నా స్నేహితురాలు మార్జిన్లలో ఎర్ర సిరాతో నిండా ప్రశ్నలు రాసి తిప్పి పంపింది. చివరి పేజీ కింద మాత్రం ప్రశ్న లేదు. "మా నాయనమ్మ నాట్లేసేటప్పుడు దొరగారి నడకనీ, దొరసాని మాటనీ వెక్కిరిస్తూ పాడేది. దొర గట్టు మీదుండగానే. ఆయనకి అర్థమయ్యేది కాదు, మడిలో ఆడవాళ్లంతా వంగి నవ్వుకునేవాళ్లు. నాకు పదకొండు పాటలు గుర్తున్నాయి. రెండో అధ్యాయం నేను రాస్తాను. చోటుంచు" అని రాసింది.

చోటు ఉంచాను. ఎన్ని పేజీలు కావాలని అడిగితే, రాస్తే గానీ తెలియదంది.